తవుడు కాపడం

ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు పళ్ళ పాఠం చెబుతున్నాను. కుంతకాలు, రదనికలు, అగ్రచర్వణకాలు, చర్వణకాలు. కంకిపాడు దగ్గర మా హైస్కూల్లో ఒక ప్లాస్టర్ దవడ ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, ఒక్కో పన్నునూ చాక్‌పీసుతో తట్టి, ఏది కొరుకుతుందో ఏది నములుతుందో చెప్పి, చివర్లో రోజుకు రెండుసార్లు పళ్ళు తోముకోవాలని పిల్లలందరి చేతా గట్టిగా అనిపిస్తాను. అలాంటి జీవశాస్త్రం టీచరు పంటి జబ్బుతో చావుదాకా వెళ్ళి వచ్చిందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నేను బతికి బయటపడ్డాక మా స్టాఫ్‌రూములో నవ్వారు కూడా. నాకూ నవ్వాలనే ఉండేది గాని అప్పటికి నోరు తెరుచుకునేది కాదు.

చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ, పన్ను నొప్పే కదా, ఇంతదాకా ఎలా వచ్చిందని అడిగారు. అడుగుతూ అడుగుతూ సగం మంది నా ఎదుటే తమ దవడలు తడుముకున్నారు. ఇది కొంతవరకు వాళ్ళ కోసం రాస్తున్నాను. మిగతాది మా అత్తగారి కోసం. కోడలి ప్రాణం మీదికి తెచ్చింది ఆవిడేనని మా బంధువుల్లో ఒక మాట తిరిగింది. ఆ మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. దాన్ని అప్పటికప్పుడే ఆపాల్సిన దాన్ని నేనే, కాని ఆ సమయానికి నాకు మాట పోయింది.

జనవరి

మేం విజయవాడలో పటమట వైపు ఉంటాం. మావారు శామ్యూల్‌ది ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో షిఫ్టుల ఉద్యోగం. ఆయన పడమరకు పోతే నేను బందరు రోడ్డు పట్టుకుని తూర్పుకు పోతాను. ఒకరు వచ్చే వేళకు ఒకరు వెళ్ళిపోతూ, ఎక్కువ రోజులు ఒకరికొకరం గుమ్మంలోనే కనపడతాం. ఇంట్లో ఎప్పుడూ ఉండే మనిషి మా అత్తగారు రాహేలమ్మ. మాకు పిల్లలు లేరు. ఆ సంగతి ఆవిడ ఒక్కనాడూ ఎత్తలేదు, ఎవరైనా ఎత్తితే వాళ్ళను మళ్ళీ మా గడప తొక్కనివ్వలేదు.

ఆవిడది పామర్రు దగ్గర పల్లెటూరు. వయసులో ఉన్నంత కాలం వరినాట్లకూ కలుపుకూ వెళ్ళిన మనిషి. నాట్ల రోజుల్లో సాయంత్రమైతే నడుములు పట్టేసిన ఆడవాళ్ళంతా ఆవిడ వాకిట్లో కూర్చునేవాళ్ళట. మిల్లు నుంచి తెచ్చిన తవుడులో గుప్పెడు కల్లుప్పు వేసి, మూకుట్లో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, పాత నూలు చీర ముక్కలో మూట కట్టి కాపడం పెట్టేది. ఆ మూటను ముందు తన చెంపకు ఆనించుకుని చూసుకుంటుంది. ఆ తర్వాతే ఎదుటివాళ్ళ ఒంటికి పెడుతుంది. పెట్టిన ప్రతిసారీ వేడెక్కువైందా అని అడుగుతుంది. నాకు మెడ పట్టేసినా, మావారికి మడమ బెణికినా మా ఇంట్లో మొదటి వైద్యం అదే. నగరానికి వచ్చినా వంటింట్లో బియ్యం డబ్బా పక్కన తవుడు డబ్బా ఒకటి ఉండాల్సిందే.

ఎడమవైపు కింది దవడలో చివరి పన్ను చుట్టూ చిగురు మెత్తబడి రక్తం రావడం నాకు చాలా రోజులుగా ఉంది. బ్రష్ తగిలితే చాలు, ఉమ్మినదంతా ఎర్రగా ఉండేది. తగిలితే రక్తం వస్తోంది కదా అని ఆ వైపు తోమడం మానేశాను. పుండు మీద చెయ్యి వెయ్యకూడదు గదా అన్న లెక్క నాది. పైగా షుగరు మనిషిని. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదిలిపోతాయని మా స్టాఫ్‌రూములో అందరం అనుకునేవాళ్ళం. పన్ను పీకిస్తే చూపు తగ్గుతుందని మా చర్చిలో ఒక పెద్దావిడ చెప్పింది. నాకు అప్పటికే కళ్ళజోడు. ఇవన్నీ నమ్మానని చెప్పను, నమ్మలేదనీ చెప్పలేను. ఆ కుర్చీలో వెల్లకిలా పడుకుని నోరు తెరవాలంటే భయపడేవాళ్ళకు ఇలాంటి మాటలు బాగా పనికొస్తాయి.

నెలాఖరుకు నొప్పి మొదలైంది. లవంగ నూనె దూదితో పెట్టుకున్నాను. మందుల షాపులో చెబితే అతను బిళ్ళలిచ్చాడు. వేసుకున్నప్పుడు తగ్గేది, లేనప్పుడు వచ్చేది. పదో తరగతికి స్పెషల్ క్లాసులు నడుస్తున్నాయి. నొప్పిని కుడివైపు నమిలి తప్పించుకుంటూ తిరిగాను.

ఫిబ్రవరి

ఒక శుక్రవారం స్కూలు నుంచి వచ్చేసరికి దవడ కింద నిమ్మకాయంత వాపు గట్టిగా చేతికి తగిలింది. చలిగా అనిపించి దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. అత్తగారు చూసి, డాక్టరు దగ్గరికి పోదాం పద అన్నారు. ఈ మాట స్పష్టంగా రాయాలి. ముందుగా డాక్టరు పేరెత్తింది ఆవిడే. సోమవారం వెళ్దాం, ఈలోపు కాపడం పెట్టండత్తయ్యా అన్నది నేను.

ఆవిడ తవుడు వేయించింది. ఆ వాసనకే నాకు సగం నెమ్మదించింది. మూట తన చెంపకు ఆనించుకుని, ఒక్క క్షణం ఆగి, నా దవడ కింద పెట్టింది.

"వేడెక్కువైందా అమ్మాయ్?"

నోరు తెరవాలంటే నొప్పిగా ఉండి లేదన్నట్టు తలూపాను. ఆ వేడికి దవడలోని సలుపు కరిగిపోయినట్టయింది. హాయిగా నిద్ర కూడా పట్టింది. శనివారం పొద్దున మళ్ళీ పెట్టమని అడిగాను, మధ్యాహ్నం మళ్ళీ అడిగాను. సాయంత్రం ఆవిడ ఇక చాలేమో అని సందేహిస్తే నేనే మూకుడు పొయ్యి మీద పెట్టాను. మావారికి ఆ రెండు రోజులూ వరసగా డ్యూటీలు పడ్డాయి. ఇంటికొచ్చి తిని పడుకోవడమే తప్ప ఆయనకు ఇదంతా తెలియదు.

ఆదివారం చర్చికి తయారవుదామని లేస్తే గడ్డం కింద ఒక వైపు ఉన్న వాపు రెండో వైపుకూ పాకి, మెడలోకి దిగింది. అద్దంలో నాకు మెడే కనపడలేదు. నాలుక కింద ఏదో లేచి, నాలుకను పైకి తోసేస్తోంది. గుటక పడటం లేదు. ఉమ్మి మింగలేక చీర కొంగుతో తుడుచుకుంటున్నాను. ఏవండీ అని పిలిస్తే నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. మావారు పరుగెత్తుకొచ్చి నన్ను చూసి, చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా ఆటో పిలిచారు.

పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ బయట వరసగా కుర్చీలు ఉన్నాయి. లోపల ఎవరో యాక్సిడెంటు కేసు, కాసేపు కూర్చోమన్నారు. ఆ కాసేపు ఎంతసేపో చెప్పలేను. వెనక్కి వాలితే ఊపిరి ఆడటం లేదు, ముందుకు వంగితే నోట్లోంచి సొంగ కారుతోంది. ఎదుటి కుర్చీల్లో మగవాళ్ళు. కొంగు తడిసిపోయింది. సిగ్గు, భయం రెండూ ఒకేసారి ఉంటాయని ఆ రోజే తెలిసింది. పక్కన కూర్చున్న ఒకామె, ఉయ్యూరు వైపు మనిషి, ఎవరికోసమో తెచ్చిన స్టీలు క్యారేజీ విప్పి, ఒక గిన్నెలోని పులుసన్నం మూత మీదికి వంచేసి, ఖాళీ గిన్నె నా ఒళ్ళో పెట్టింది. అందులో ఉమ్మెయ్యమ్మా, ఏం పర్లేదు అంది. తర్వాత తిరిగి ఇవ్వబోతే ఉంచుకోమంది. ఆమె పేరు కూడా అడగలేకపోయాను. ఆ గిన్నె ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

డాక్టరు నా నోట్లోకి టార్చి వెయ్యబోతే నోరు తెరుచుకోలేదు. మెడ నొక్కి చూశాడు. చీము దవడ నుంచి మెడలోకి దిగింది, ఊపిరి దారి మూసుకుపోతోంది, గొంతు ముందు చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టి, తర్వాత చీము తీసి పన్ను పీకెయ్యాలి అని మావారికి గబగబా చెప్పాడు. ఇంట్లో ఏమైనా చేశారా అని అడిగాడు. అత్తగారే ముందుకొచ్చి, తవుడు కాపడం పెట్టాను బాబూ అన్నారు. దాచాలని ఆవిడకు తోచలేదు. ఇలాంటి వాపు మీద వేడి పెట్టకూడదమ్మా, చీము ఇంకా పాకుతుంది అని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు. మందలించినట్టు కూడా అనలేదు.

స్ట్రెచర్ మీద నన్ను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టారు. అక్కడి నుంచి తల్లీకొడుకులిద్దరూ నాకు కనపడుతూనే ఉన్నారు. మావారు ఆవిడ వైపు తిరిగి, గొంతు పెంచకుండానే అన్నారు.

"నీ చేత్తోనే చేశావమ్మా."

అప్పుడు నేను చెయ్యి పైకెత్తాను. కాదు, నేనే అడిగానని చెప్పాలి. నోట్లోంచి మాట రాలేదు, గురక లాంటి శబ్దం ఒకటి వచ్చింది. సెలైన్ సూది లాగేసుకుంటున్నానేమో అనుకుని నర్సు నా చెయ్యి పట్టుకుని కిందికి అదిమింది. నన్ను లోపలికి తోసుకెళ్తుంటే అత్తగారు తన రెండు అరచేతుల వంకా చూసుకుంటూ నిలబడి ఉన్నారు. మత్తిచ్చేదాకా నా కళ్ళముందు ఉన్నది అదే. నేను చచ్చిపోతే ఈవిడ ఆ చేతులతో ఇంకేం ముట్టుకుంటుందన్నదే నా దిగులు.

తర్వాత ఐసీయూ. గొట్టం గొంతులో ఉన్నంత కాలం మాట లేదు. గాలి నోటితో, ముక్కుతో పని లేకుండా మెడలోంచి వెళ్ళిపోతుంటే మనం మనుషులమో కాదో అనుమానం వస్తుంది. గొట్టంలో అడ్డుపడిన కఫాన్ని మిషనుతో లాగేటప్పుడు ప్రాణం పైకి లాగుతున్నట్టే ఉండేది. ఇక్కడ దీని గురించి ఇంతకంటే చెప్పను. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. డ్యూటీ మారినప్పుడల్లా ఒక నర్సు వచ్చి, గాజుగుడ్డ వేలికి చుట్టుకుని, మందునీళ్ళలో ముంచి, పెదాల సందులోంచి నా పళ్ళూ చిగుళ్ళూ ఒక్కోటీ తుడిచేది. నా నోటి మీద నాకెప్పుడూ లేనంత శ్రద్ధ ముక్కూమొహం తెలియని ఆ పిల్లకు ఉంది. నాకు కన్నీళ్ళొస్తే నొప్పెడుతోందా ఆంటీ అని అడిగింది.

చూడనిచ్చే వేళల్లో మావారొక్కరే వచ్చేవారు. నా అరచెయ్యి చెంపకు ఆనించి చూపించాను. అత్తగారు ఎక్కడని దానర్థం. ఆయనకు అర్థమైంది. ఊరెళ్ళింది, మావయ్య దగ్గరికి అని, మంచం అంచు వంక చూస్తూ చెప్పారు. మావయ్య అంటే పామర్రు దగ్గరున్న అత్తగారి తమ్ముడు. నాకు ఆపరేషన్ అయిపోయి గండం గడిచిందని తెలిసేదాకా కూర్చుని, ఆ సాయంత్రమే ఆవిడ బస్సెక్కేశారట. ఇంటికెళ్ళి బట్టలు కూడా తెచ్చుకోలేదు.

మార్చి

గొట్టం తీసేశారు. మెడ మీద కట్టుతో ఇంటికొచ్చాను. గొంతు బొంగురుగానైనా తిరిగొచ్చింది. వచ్చిన రోజే, మావారు వంటింట్లో రాగి జావ కలుపుతుంటే వెళ్ళి నిలబడి చెప్పాను. కాపడం పెట్టమన్నది నేను. మొదటిసారీ నేనే, చివరిసారీ నేనే. ఆవిడ డాక్టరు దగ్గరికి పోదామంటే వద్దన్నదీ నేనే. ఆయన గరిటె ఆపలేదు. జావ ఉండకట్టకుండా కలుపుతూనే ఉన్నారు.

"తెలిసింది. అమ్మ చెప్పకపోయినా తర్వాత మావయ్య ఫోన్లో చెప్పాడు."

మరి వెళ్ళి తీసుకురండి అన్నాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళమంటావు అన్నారు. అంతటితో ఆ మాట ఆగిపోయింది. మా ఆయన మంచివాడే. కాని తప్పయిందని చెప్పాల్సి వస్తే ఆయన నోరు కూడా నా నోటిలాగే బిగుసుకుపోతుంది.

అత్తగారు తమ్ముడి ఫోన్లోంచి చేసేవారు. గంజి తాగుతోందా, జ్వరం ఉందా, అంతే. ఒక్కోసారి మావారు ఎత్తేవారు. ఆయన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టి బాల్కనీలోకి వెళ్ళిపోయేవారు. రమ్మంటే, నువ్వు కోలుకున్నాక చూద్దాంలేమ్మా అనేవారావిడ. చూడ్డానికి వచ్చిన బంధువులు, పెద్దవాళ్ళ నాటు వైద్యాలతో ఇదే చిక్కని తలలూపేవాళ్ళు. ఆవిడ తప్పేం లేదని బొంగురు గొంతుతో నేను చెబితే, కోడలు ఎంత మంచిదో అని మెచ్చుకుని వెళ్ళేవాళ్ళు. నా ఒళ్ళు మండిపోయేది. నిజం చెప్పినా మంచితనం కింద జమకట్టేస్తే మనిషి ఇంకేం చేస్తుంది?

ఇక అసలు కష్టం. నోరు తెరుచుకోవడం లేదు. మామూలు మనిషికి మూడు వేళ్ళు నిలువుగా పట్టాలి. నాకు ఒక్క వేలు కూడా పట్టేది కాదు. స్ట్రాతో జావ, పాలు, పప్పుకట్టు. పళ్ళ డాక్టరమ్మ చిన్న అద్దం ఎలాగో దూర్చి చూసింది. ఆవిడ నా కంటే చాలా చిన్నది, మాట మాత్రం పెద్దది. పీకేసిన పన్ను ఒక్కటే కాదండీ, చిగుళ్ళన్నిటికీ జబ్బుంది, పళ్ళ మొదళ్ళలో గార పేరుకుపోయింది, అది తియ్యాలంటే నాకు నోరు తెరుచుకోవాలి కదా అంది. త్వరగా సాగదీయకపోతే లోపలి కండరం గట్టిపడి అలాగే ఉండిపోవచ్చు, అప్పుడు ఇంకో ఆపరేషన్. ఈలోపు మిగతా చిగుళ్ళలో ఏదైనా మళ్ళీ చీము పట్టిందంటే మళ్ళీ మొదటికే. నా మెడ మీద కట్టు వైపు చెయ్యి పోయింది. మళ్ళీ ఆ గొట్టం అంటే నా వల్ల కాదు.

మావారు అక్కడే ఉన్నారు. ఆయన వినాలని నేను కాపడం సంగతి అడిగాను. వేడి పెట్టడం తప్పేనండీ, దానివల్ల తొందరగా పాకింది, కాని అసలు రోగం ఆ పంటి కింద ఎప్పటి నుంచో ఉంది, కాపడం పెట్టకపోయినా మీరు నా దగ్గరికి రాకుండా ఉంటే ఇక్కడికే వచ్చేది అంది డాక్టరమ్మ. ఆయన గోడ మీద పళ్ళ బొమ్మ వంక చూస్తూ కూర్చున్నారు. దారిలో కాలువ వంతెన దగ్గర ట్రాఫిక్ ఆగితే, స్కూటరు ఇంజను కట్టేసి, వెనకాల హారన్లు మోగేదాకా మళ్ళీ స్టార్ట్ చెయ్యలేదు.

ఏప్రిల్

ఐస్‌క్రీం పుల్లలు. ఒకదాని మీద ఒకటి పేర్చి పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య దూర్చి అలాగే ఉంచాలి. అలవాటయ్యాక మధ్యలోకి ఇంకో పుల్ల తొయ్యాలి. ఆ ఒక్క పుల్ల కోసం చెవి దాకా నిప్పు పెట్టినట్టుండేది. కొన్ని రోజులు పుల్ల పెరిగేది, కొన్ని రోజులు నిన్న పట్టినవే పట్టేవి కావు. మావారు ఎదురుగా కూర్చుని గడియారం చూసేవారు. నా మొహం చూడలేక గడియారం చూస్తున్నారని నాకు తెలుసు. ఈస్టర్ నాడు పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రభువు బల్ల ఇచ్చారు. రొట్టె ముక్కను ద్రాక్షరసంలో నానబెట్టి పళ్ళ సందులోంచి లోపలికి నెట్టుకున్నాను.

చదివేవాళ్ళకు చెప్పదలచుకున్నది ఇక్కడే చెప్పేస్తాను, టీచరు బుద్ధి పోదు కదా. చిగురు నుంచి రక్తం వస్తే ఆ వైపు తోమడం మానకండి. అక్కడ మురికి ఉందనే రక్తం వస్తోంది. మెత్తటి బ్రష్‌తో, పన్నూ చిగురూ కలిసే అంచు మీద చిన్నగా తిప్పుతూ తోమండి. పొద్దున ఎలాగూ తోముతారు, పడుకోబోయే ముందు తోమండి. షుగరుంటే దాన్ని అదుపులో పెట్టుకోండి, షుగరూ చిగుళ్ళూ ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. గార తీయించుకుంటే పళ్ళు కదలవు. కదిలే పళ్ళు గార కిందే కదులుతుంటాయి, తీశాక మనకు తెలుస్తుందంతే. పన్నుకూ చూపుకూ సంబంధం లేదు. దవడ వాచిందంటే వేడి పెట్టకండి, సోమవారం దాకా ఆగకండి. గుటక పడకపోయినా, నాలుక కింద బరువనిపించినా ఆ నిమిషమే బయల్దేరండి.

డాక్టరమ్మ నన్ను ఫిజియోథెరపీకి పంపింది. అక్కడ చూసే అతను నా దవడ రెండు వైపులా వేళ్ళతో నొక్కి చూసి, పుల్లలు పెట్టే ముందు కాపడం పెట్టుకుంటున్నారా అని అడిగాడు.

నేను మావారి వంక చూశాను. ఆయన అతని వంక చూశారు. ఏం పెట్టాలన్నారండీ అని మళ్ళీ అడిగారు. కాపడమే అండీ, చీమూ వాపూ ఉన్నప్పుడు పనికిరాదు, ఇప్పుడవేం లేవు, బిగుసుకున్న కండరానికి ఇప్పుడు వేడే మందు అన్నాడతను. హాట్ వాటర్ బ్యాగు కొనుక్కోమన్నాడు.

కొన్నాం. రబ్బరు సంచీ కుట్లు పడిన దవడ పల్లంలోకి ఒదగలేదు, జారిపోయేది. ఒక ఆదివారం మావారు దాణా కొట్టుకెళ్ళి తవుడు తెచ్చారు. మూకుట్లో పోసి మంట పెద్దది పెట్టి ఫోను చూసుకుంటూ నిలబడ్డారు. తవుడు మాడి, ఇల్లంతా పొగ కమ్మి, పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు. రెండోసారి వేయించింది పచ్చిగా ఉండి మూట కట్టేలోపే చల్లారిపోయింది. ఆయన పొయ్యి గట్టు మీద చేతులానించి అలాగే నిలబడిపోయారు. చిన్నప్పుడు నాకు చెవిపోటొస్తే ఎంత వేడి పెట్టేదో చెంపకు గుర్తుంది గాని, ఎట్లా వేయించేదో ఒక్కసారీ చూళ్ళేదు అన్నారు. ఆ మాట నాతో అన్నారో తనలో తాను అనుకున్నారో తెలియదు.

మే

ఎండలు ముదిరాయి. ఒకరోజు పొద్దున్నే ఆయన ఎక్కడికో చెప్పకుండా బయల్దేరారు. నేనూ అడగలేదు. మధ్యాహ్నానికి ఇంటి ముందు ఆటో ఆగింది. ఇటు నుంచి ఆయన దిగారు, అటు నుంచి అత్తగారు దిగారు. మధ్యలో తవుడు సంచీ. అక్కడ ఆయన ఏం చెప్పారో, ఆవిడ ఏమన్నారో నాకు తెలియదు.

ఆవిడ చిక్కిపోయారు. నా మెడ మీది మచ్చ చూసి కళ్ళు తిప్పుకున్నారు. నీళ్ళు తాగి నేరుగా వంటింట్లోకి వెళ్ళి మూకుడు దించారు. సన్నటి మంట మీద తవుడు వేగుతున్న వాసన ఇల్లంతా నిండింది. నేను పుల్లలు పక్కన పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. మూట కట్టి తెచ్చి, ఎప్పటిలాగే తన చెంపకు ఆనించుకున్నారు. అంతే, అక్కడే ఆగిపోయారు. మూట చెంపకే ఉంది. చెయ్యి నా వైపు రావడం లేదు.

"నా చెయ్యొద్దమ్మా. ఆ రబ్బరు సంచీయే పెట్టించుకో."

పెట్టండత్తయ్యా అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. గుమ్మంలో నిలబడి ఉన్న మావారు లోపలికొచ్చారు. తల నెరిసిన మనిషి, నేల మీద బాసింపట్టు వేసుకుని తల్లి మోకాళ్ళ దగ్గర కూర్చుని, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, ఎడమ చెంప ఆవిడ వైపు తిప్పారు.

"ముందు నాకు పెట్టమ్మా. వేడెక్కువైతే నేను చెబుతాను."

ఆవిడ కొడుకు మొహం వంక చూశారు. మూట మెల్లగా కిందికి దిగి ఆయన చెంపకు తగిలింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆవిడ రెండో చెయ్యి ఆయన తల మీద పడింది. ఇద్దరూ ఏడుస్తున్నారు. నేను చూడనట్టు పుల్లలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను, నాకు లెక్క కుదరలేదు. కాసేపటికి ఆయన గొంతు సవరించుకుని, ఎక్కువ కాలేదమ్మా, సరిగ్గానే ఉంది అన్నారు.

అప్పుడు ఆవిడ మూటను మళ్ళీ పొయ్యి మీద వెచ్చచేసి తెచ్చి, తన చెంపకు ఆనించుకుని, నా దవడ కింద మచ్చ పక్కన మెత్తగా పెట్టారు.

"వేడెక్కువైందా అమ్మాయ్?"

తెరవగలిగినంత నోరు తెరిచి, లేదత్తయ్యా అన్నాను.